పనికొచ్చేవి

జనవరి 19

పొట్టీ,

ఎలా ఉన్నావు? ఫోన్ చేయక ఇలా ఉత్తరంలా రాస్తోందేమిటి అనుకుంటావు. చేద్దామనే రెండుసార్లు నీ నంబరు దాకా వెళ్లాను. నువ్వు ఫోన్ ఎత్తగానే "ఆఁ, చెప్పు" అంటావు చూడు, అది అచ్చం మీ అన్నయ్య అన్నట్టే ఉంటుంది. ఆడగొంతుతో అన్నా అదే విరుపు. అది విన్నాక ఇంక నా నోటమ్మట మాట రాదు. అందుకని ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. ఒత్తులు ఎక్కడున్నాయో వెతుక్కునేలోపు చెప్పాలనుకున్నది మర్చిపోతున్నాను.

నేను బాగానే ఉన్నాను. షాపుకి వెళ్తున్నాను. చలికాలం కదా, కిందటేడు కోట్లు ఈ ఏడు పట్టనివాళ్లంతా మా ఆల్టరేషన్ షాపు ముందే ఉన్నారు. "ఉతికితే బిగిసిపోయిందండీ" అంటారు. "అవునండీ, ఈ మధ్య బట్టలు అలాగే వస్తున్నాయి" అంటాను. పొట్ట పెరిగిందని మొహం మీద ఎలా చెప్తాం? మా షాపులో కాజాలు కుట్టే అక్క మాత్రం టేపు చూపించి మరీ చెప్పేస్తుంది. ఆవిడ దగ్గరికి మగవాళ్లెవరూ వెళ్లరు.

అసలు సంగతికి వస్తాను. మీ అన్నయ్య నడిపిన ఆ 'పనికొచ్చేవి' పేజీ గురించి. వెబ్‌సైట్లు చేసేవాళ్లకి ఉపయోగపడే లింకులన్నీ పోగేసి పెట్టాడే, అది. ఏదో కంపెనీవాళ్లు ఆయన పేర మెయిల్ పంపారు. పేజీని తమకి అప్పగిస్తే చక్కగా చూసుకుంటామట. ఇంకో మెయిల్లో, పేజీ పేరుకి జూన్‌లో గడువు తీరిపోతుందని ఉంది. పేరుకి గడువేమిటి? నాకు అర్థం కాలేదు. ఇది కాక ఎవరెవరో రాస్తూనే ఉన్నారు. నిజం చెప్పు, ఆ పేజీ వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా? లేక ఇన్నాళ్లూ ఆయన సరదా మాత్రమేనా?

నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. తీరిగ్గా రాయి.

వదిన


జనవరి 27

వదినా,

నీ ఉత్తరం అందింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

ముందు నువ్వడిగింది. పేజీ చిరునామాని మనం కొంతకాలానికి రాయించుకుంటాం. గడువులోగా మళ్లీ రాయించుకోకపోతే అది ఇంకెవరికైనా పోతుంది. ఆ కంపెనీకి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకు. వాళ్లకి కావలసింది పేజీ కాదు, దాని మంచి పేరు. నెల తిరక్కుండా అన్నయ్య రాసిన మాటలన్నీ చెరిపేసి వాటి స్థానంలో జూదం ప్రకటనలు పెడతారు. ఇలాంటివి చాలా చూశాను.

ఉపయోగం ఉందా అని అడిగావు. ఆ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు మొదటి ఉద్యోగం వచ్చిందే ఆ పేజీ వల్ల. నా ఒక్కదానికే కాదు. నీకు తెలుసో లేదో, ఆ జాబితా అన్నయ్యా నేనూ కలిసి మొదలుపెట్టాం. నువ్వింకా మా ఇంటికి రాలేదప్పటికి. ఇద్దరికీ కలిపి ఒకే గది, ఒకే కంప్యూటర్. నాకు దొరికిన లింకు నేను పెట్టేదాన్ని, తనకి దొరికింది తను. పేజీ అడుగున ఇద్దరి పేర్లూ ఉండేవి. ఏడేళ్ల కిందట నా పేరు తీసేశాడు. అప్పట్నుంచి నేను ఆ పేజీ తెరవలేదు. దాని గురించి ఇప్పుడు మాట్లాడుకోవడం అనవసరం.

నువ్వు ఇదంతా నెత్తిన వేసుకోనక్కర్లేదు. అన్నయ్య వాడిన పాస్‌వర్డ్ నాకు పంపు. నేను తీసుకుని చూసుకుంటాను.

నేను బాగానే ఉన్నాను. నా జట్టువాళ్లంతా వేరే వేరే ఊళ్లలో ఉంటారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అందరితో టైపు కొడుతూ మాట్లాడతాను. నిన్న కింద షాపువాడు "సంచీ కావాలా?" అంటే వద్దని చెప్పబోతే గొంతు పెగల్లేదు. ఆ రోజు మొత్తానికి అదే మొదటి మాట.

ఉంటాను,
పొట్టి


ఫిబ్రవరి 11

పొట్టీ,

పాస్‌వర్డ్ రాసిన చీటీ ఎక్కడ పెట్టాడో దొరకలేదు. వెతుకుతాను. తొందరేం లేదుగా? జూన్ ఇంకా దూరముంది.

కంపెనీవాళ్లకి ఇవ్వనులే. "కుదరదు" అని ఒక్క ముక్క రాసి పడేశాను. వాళ్లు మళ్లీ రాశారు. నేను మళ్లీ కుదరదన్నాను. వాళ్లకి ఓపిక ఎక్కువ, నాకు పని తక్కువ. చూద్దాం ఎవరు గెలుస్తారో.

నిన్న ఒకాయన ప్యాంటు తెచ్చి పొడుగు చేయమన్నాడు. లోపల మడతలో బట్టే లేదు. "ఎక్కడ్నుంచి తెమ్మంటారు?" అన్నాను. "మీరే ఏదో ఒకటి చేయాలి" అన్నాడు. నేనేమైనా దేవతనా? చివరికి కింద వేరే రంగు పట్టీ వేసి ఇచ్చాను. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. "ఇదే ఫ్యాషన్ కదండీ" అన్నాడు. అయితే కానీ.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ పేజీ చదువుతూ కూర్చుంటున్నాను. ఆరువందల పన్నెండు లింకులున్నాయి. నీకు తెలియదేమో, ఒక్కోదాని పక్కన రెండేసి మాటలు రాశాడు. ఫొటోల బరువు తగ్గించేదాని పక్కన, "మొహమాటం లేకుండా వాడుకోండి. ఒకేసారి ఇరవై ఫొటోలు పడేస్తే మాత్రం అలిగి కూర్చుంటుంది." రాసిన దాంట్లో తప్పులు పట్టేదాని పక్కన, "మొదటిసారి నలభై తప్పులు చూపిస్తుంది. కంగారు పడకండి. పైన ఒక్కటి దిద్దితే కింద ముప్ఫై పోతాయి." రంగులు సరిచూసేదాని పక్కన, "బూడిద మీద బూడిద పెట్టి అందంగా ఉందనుకునేవాళ్లు ముందు ఇక్కడికి వచ్చి వెళ్లండి." ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి. ఇన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడో.

ఊరికే ఒకటి అడుగుతాను. మార్జిన్‌కీ ప్యాడింగ్‌కీ తేడా ఏమిటి? రెండూ ఖాళీ జాగాయే కదా.

చలికి నీ గొంతు జాగ్రత్త. ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండు, సంచీ అడిగేవాడితోనైనా సరే.

వదిన


మార్చి 2

వదినగారికి,

మార్జిన్ అంటే పేజీలోని పెట్టె గీతకి బయట వదిలే జాగా. ప్యాడింగ్ అంటే గీతకి లోపల వదిలే జాగా.

ఏడేళ్ల తరవాత నిన్న ఆ పేజీ తెరిచాను. పాస్‌వర్డ్ చీటీ దొరకలేదని రాశారు. కానీ పేజీ మారుతూనే ఉంది. పనిచేయని లింకులు పోయాయి. తెలుగు ఫాంట్ల విభాగంలో నేనెప్పుడూ వినని సైటు ఒకటి చేరింది. దాని పక్కన "ఒత్తులు విరగడం లేదు. నేను వాడి చూశాను, బాగుంది" అని ఉంది. పేజీ అడుగున 'చివరిసారి సరిచూసింది: ఫిబ్రవరి 26' అని ఉంది.

అన్నయ్య పోయింది సెప్టెంబర్‌లో. ఫిబ్రవరిలో ఎవరు వాడి చూశారు?

ఆ కంపెనీకే ఇచ్చారో, ఇంకెవరికైనా ఇచ్చారో నాకు తెలియదు. ఎవరికి ఇచ్చినా వాళ్లు చాలా తెలివైనవాళ్లు. అన్నయ్య మాట తీరు అచ్చుగుద్దినట్టు పట్టుకున్నారు. చనిపోయిన మనిషి బట్టలు వేసుకుని ఇంకెవరో వీధిలో తిరుగుతున్నట్టుంది.

మీరు ఇచ్చేయాలనుకుంటే ఇచ్చేయొచ్చు, అది మీ ఇష్టం. ఆయన భార్య మీరు. పేరు కూడా లేని దాన్ని నేను. కాకపోతే చీటీ వెతుకుతున్నానని నాతో అబద్ధం చెప్పనక్కర్లేదు. ప్యాంట్లూ పట్టీలూ కబుర్లు చెప్పి మాట దాటేయనక్కర్లేదు.

ఇక దీని గురించి నాకు రాయకండి.


మార్చి 4

పొట్టీ,

'మీరు' అన్నావు. పదహారేళ్లలో ఎప్పుడూ అనలేదు. ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. తరవాత మిగతాది చదివాను.

ఎవరికీ ఇవ్వలేదు. అదంతా చేస్తున్నది నేనే.

చీటీ నా దగ్గరే ఉంది. అబద్ధం చెప్పాను. ఎందుకో చెప్తాను, విను.

ఆయన పోయిన పన్నెండో రోజున ఒక మెయిల్ వచ్చింది. విజిటింగ్ కార్డులు డిజైన్ చేసే ఒకాయన. "సార్, ఫాంట్ల కింద మూడో లింకు తెరుచుకోవట్లేదు. మీరు ఒక్కరోజులో సరిచేసేవారు. వారం దాటింది, ఒంట్లో బాగానే ఉందా?" అని. జవాబు రాద్దామని కూర్చున్నాను. 'ఆయన' అని రాశాను. తరవాతి మాట రాయడానికి చెయ్యి ఆడలేదు. రోజూ కూర్చునేదాన్ని, ఆ ఒక్క మాటే ఉండేది తెర మీద.

అప్పుడు అనిపించింది, ఆ మాట రాయడం నా వల్ల కావడం లేదు సరే, లింకు సరిచేయడం వల్ల అవుతుందేమో చూద్దామని. పేజీలో 'మొదటిసారి వచ్చినవాళ్లకి' అని పది లింకులు పెట్టాడు. "ఇక్కడ ఎడమవైపు రాయండి, కుడివైపు కనిపిస్తుంది. ఏం పాడైపోదు, ధైర్యంగా గెలకండి" అని ఉంది. గెలికాను. ఇంగ్లిషు వచ్చీ రాకా, కుట్టుమిషను మీద కాగితాలు పెట్టుకుని, షాపు నుంచి రాగానే అదే పని. మూడు వారాలు పట్టింది ఒక్క లింకుకి. ఒక కొటేషన్ గుర్తు మర్చిపోయి సగం పేజీ మాయం చేశాను ఒకరోజు. ఆయన ఇంకో చోట నకలు దాచిపెట్టి ఉంచాడు కాబట్టి బతికిపోయాను.

లింకు తెరుచుకుంది. ఆ కార్డులాయనకి "సరిచేశాను. ధన్యవాదాలు" అని రాశాను. కింద పేరు పెట్టలేదు. పది నిమిషాల్లో జవాబొచ్చింది. "హమ్మయ్య, కులాసాగా ఉన్నారన్నమాట!"

పొట్టీ, ఆ మెయిల్ నేను చెరపలేదు. ఇప్పటికీ రోజూ తెరిచి చూసుకుంటాను. ఈ వీధిలో, షాపులో, అందరికీ ఆయన లేడని తెలుసు. నన్ను చూడగానే గొంతు తగ్గిస్తారు. ఆ మెయిళ్ల పెట్టెలో మాత్రం ఆయన కులాసాగా ఉన్నాడు. సార్, ఇది చూడండి, సార్, అది పెట్టండి అని అడుగుతున్నారు. నేను చేసి పెడుతున్నాను. ఇంటికి రాగానే ఆయనకి పని ఉన్నట్టుంటుంది. పాస్‌వర్డ్ నీకిస్తే నువ్వు మొదట చేసే పని ఏమిటో నాకు తెలుసు. ఆయన పోయాడని రాస్తావు. అదే సరైనది కూడా. అందుకే ఇవ్వలేదు.

'వాడి చూశాను' అన్నది అబద్ధం కాదు. ఆ ఫాంటు నిజంగానే నేను వాడి చూశాను.

ఇంకొకటి. పేజీ తయారైన ఫైల్లో, చూసేవాళ్లకి కనపడకుండా మనకోసం రాసుకునే మాటలు పెట్టుకోవచ్చట కదా, రెండు గుర్తుల మధ్య. అడుగున అలాంటిది ఒకటి ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఈ జాబితా మొదలుపెట్టింది మా చెల్లి. నేను తరవాత చేరాను. పేరు వద్దంది కాబట్టి కనపడకుండా పెట్టాను. అడిగిన రోజున ఈ గుర్తులు తీసేయాలి."

ఆయన తీసేశాడన్నావు. నువ్వు వద్దన్నావా?

వదిన


మార్చి 9

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు రోజులు ఊరుకున్నాను.

నేనే వద్దన్నాను.

కొత్త ఆఫీసులో చేరిన రోజులు. భోజనాల బల్ల దగ్గర ఒకడు ఆ పేజీ తెరిచి అందరికీ చూపించాడు. "ఇంత పాతకాలం డిజైనా, ఎవరి తాలూకు?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అడుగున నా పేరు ఉంది, వాళ్లు ఇంకా అంతదాకా రాలేదు. అప్పటికప్పుడు బయటికి వెళ్లి అన్నయ్యకి ఫోన్ చేశాను. "నా పేరు తీసెయ్, ఇప్పుడే తీసెయ్, దాని మీద నా పేరు చూస్తే నా పరువు పోతుంది" అన్నాను. "ఆఁ, సరే" అన్నాడు. ఐదు నిమిషాల్లో తీసేశాడు.

అంత తొందరగా తీసేశాడని కోపం వచ్చింది, వదినా. ఎందుకని ఒక్కమాట అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఆ కోపాన్ని ఏడేళ్లు మోశాను. మోసి మోసి, తనే తీసేశాడని నేనే నమ్మేశాను. నీకు రాసినప్పుడు అబద్ధం చెప్తున్నానని కూడా అనిపించలేదు.

ఏ పేజీ మీదైనా మౌస్ కుడి బటన్ నొక్కితే దాని వెనకున్న రాత మొత్తం కనిపిస్తుంది. దాచిన మాటలతో సహా. వేరేవాళ్ల పేజీల మీద రోజుకి యాభైసార్లు చేసే పని అది. నా బతుకుతెరువే అది. అన్నయ్య పేజీ మీద ఏడేళ్లలో ఒక్కసారి నొక్కి ఉంటే సరిపోయేది. మొన్న నీ ఉత్తరం చదివాక నొక్కాను. నువ్వు రాసింది అక్షరం పొల్లు పోలేదు.

అడగాల్సింది తనని. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. ఆ గుర్తులు తీసెయ్.

నీమీద అన్న మాటలకి క్షమించు. ఎవరో తెలివైనవాళ్లు చేశారన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

పాస్‌వర్డ్ నాకు వద్దు. కానీ వదినా, వాళ్లకి చెప్పాలి. ఒంట్లో బాగుందా అని అడిగిన మనిషికి నిజం తెలియాలి కదా. నేను రాయను. నువ్వే రాయి, నీకు చేతనైనప్పుడు. నిన్ను తొందరపెట్టను.

పొట్టి


ఏప్రిల్ 6

పొట్టీ,

నెల దాటింది రాసి. కోపంతో కాదు. నువ్వన్న ఆ ఒక్క పని చేయలేక నీకు మొహం చాటేశాను.

నీ పేరు మీది గుర్తులు తీసేశాను. నీ ఉత్తరం అందిన రోజే. ఇప్పుడు పేజీ అడుగున ఇద్దరూ ఉన్నారు.

మిగతాది నేను చేయలేదు. ఆ పని నా చేత చేయించారు. నీకు చెప్పానే, విజిటింగ్ కార్డులు చేసే ఆయన. పని మీద ఈ ఊరు వస్తున్నాననీ, శనివారం ఐదు నిమిషాలు సార్‌ని చూసి వెళ్తాననీ మెయిల్ పెట్టాడు. ఊళ్లో లేనని రాద్దామనుకున్నాను. రాశాను కూడా. పంపే ముందు చదువుకుంటే సిగ్గేసింది. అది మీ అన్నయ్య మాట కాదు. ఆయన చచ్చినా అలా తప్పించుకునేవాడు కాదు. చూశావా, ఏం మాట రాశానో. దాన్ని చెరిపేసి మా షాపు చిరునామా పంపించాను.

వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచీ. నేను చీర అంచు కుడుతున్నాను. లోపలికి తొంగిచూసి, "సార్ ఉన్నారా అమ్మా?" అన్నాడు.

"కూర్చోండి" అన్నాను.

"ఫర్లేదమ్మా, నిలబడే మాట్లాడి వెళ్తాను. రైలు టైమవుతోంది."

"కూర్చోండి. సార్ లేరు."

"ఎప్పుడొస్తారు?"

మిషను ఆపాను. "రారండీ. సెప్టెంబర్‌లో పోయారు. గుండెపోటు."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. కాజాల అక్క మంచినీళ్లు తెచ్చిపెడితే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. "మరి నాకు జవాబులిచ్చింది?" అన్నాడు.

"నేనే."

"ఫాంటు లింకు?"

"నేనే మార్చాను. ఆయన పేజీ చూసే నేర్చుకున్నాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "బాగా మార్చారమ్మా" అన్నాడు ముందు. తరవాత, "కులాసాగా ఉన్నారనుకుని ఇంట్లో వాళ్లకి కూడా చెప్పాను. ఆ రోజు సంతోషంగా అనిపించింది నాకు. ఇప్పుడు ఆ సంతోషం వెనక్కి ఇచ్చేయాలి" అన్నాడు. కోపంగా అనలేదు. గ్లాసు నేల మీద పెట్టి, సంచీ నా మిషను పక్కన వదిలేసి వెళ్లిపోయాడు. అందులో మీ అన్నయ్య కోసం చేసి తెచ్చిన విజిటింగ్ కార్డులున్నాయి. వంద. ఆయన పేరు, దాని కింద 'పనికొచ్చేవి' అని.

ఎన్నివందల మంది సంతోషాన్ని ఇలా పట్టుకుని కూర్చున్నానో అప్పుడు తెలిసింది. నా కోసం వాళ్లని వాడుకున్నాను, పొట్టీ.

నిన్న ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. టీ కూడా పెట్టుకోలేదు. పేజీ పైన రాశాను:

"ఈ పేజీ నడిపిన ఆయన సెప్టెంబర్ 14న చనిపోయారు. ఆ తరవాత మీకు జవాబులు రాసింది, లింకులు మార్చింది ఆయన భార్యనైన నేను. ముందే చెప్పనందుకు క్షమించండి. పేజీ ఉంటుంది."

అందరికీ కనబడాలని లావు అక్షరాల్లో పెట్టాను. బటన్ నొక్కేసి లేచి వచ్చేశాను. మళ్లీ అటు వెళ్లలేదు. ఇది కూడా షాపులో కూర్చుని ఫోన్లో రాస్తున్నాను.

వదిన


ఏప్రిల్ 8

వదినా,

ఆఫీసులో పేజీ తెరిచాను. నువ్వు రాసింది చదివాను. దానికి ఒక్క అక్షరం కలపక్కర్లేదు, తీయక్కర్లేదు. నేను రాసి ఉంటే పది వాక్యాలు రాసేదాన్ని, అందులో తొమ్మిది నా గురించే ఉండేవి.

కానీ వదినా, నీకు ఎవరూ చెప్పలేదా? అక్షరాలు లావుగా రావాలని గుర్తు పెట్టావు, ఇక చాలు అనే గుర్తు పెట్టడం మర్చిపోయావు. నీ వార్త దగ్గర మొదలై పేజీ అడుగు దాకా మొత్తం లావైపోయింది. ఆరువందల లింకులూ, అన్నయ్య మాటలూ, చివర మన పేర్లూ, అన్నీ గొంతు చించుకుని అరుస్తున్నట్టున్నాయి. 'కంగారు పడకండి' అన్నదే కంగారు పుట్టించేలా ఉంది. నవ్వొచ్చింది. తెర మీద మీటింగు జరుగుతోంది, పదకొండు మంది ఉన్నారు. నవ్వు ఆపుకోబోతే అది ఇంకోలా వచ్చింది. కెమెరా కట్టేశాను. "నెట్ పోయిందా?" అని అడిగాడొకడు. అవునని టైపు కొట్టాను.

మూడు రోజులైంది అలా ఉండి. ఇంతమంది చూసి కూడా ఎవరూ నీకు రాయలేదంటే, కావాలనే అలా పెట్టావని అనుకుని ఉంటారు. దుఃఖంలో ఉన్న మనిషికి తప్పు చూపించడానికి ఎవరికి నోరొస్తుంది? 'పేజీ ఉంటుంది' అన్న మాట తరవాత ముగింపు గుర్తు పెట్టు, సర్దుకుంటుంది. పెట్టకపోయినా నాకేం అభ్యంతరం లేదు.

ఒకటి రాయాలని రెండు రోజుల్నుంచి అనుకుంటున్నాను. అన్నయ్య పోయినప్పుడు వచ్చి ఒక్కపూట ఉన్నాను. సాయంత్రం రైలుకి వెళ్లిపోయాను. సెలవు దొరకలేదని చెప్పాను. అడిగితే దొరికేది. ఆ గదిలో అన్నయ్య కుర్చీ ముందు నిలబడలేక పారిపోయాను. నువ్వు గుమ్మం దాకా వచ్చి "మళ్లీ ఎప్పుడొస్తావు?" అన్నావు. నేను రిక్షావాడితో బేరం ఆడుతున్నట్టు నటించాను.

రావాలని ఉంది. కానీ ఏడు నెలలు కావస్తోంది. ఇప్పుడు వచ్చి నీ పక్కన కూర్చుని ఏడవడానికి మొహం చెల్లడం లేదు. ఏ మనిషైనా ఇంత ఆలస్యంగా వస్తుందా పరామర్శకి?

పొట్టి


ఏప్రిల్ 14

పొట్టీ,

ముగింపు గుర్తు పెట్టాను. పేజీ మామూలుగా అయింది. నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు, నేను చూడనే లేదు కదా.

మెయిళ్లు రెండు వందల పైచిలుకు వచ్చాయి. అన్నీ చదివాను. ఒకావిడ ఆయన లింకులతోనే పని నేర్చుకుని పిల్లల్ని చదివించుకుందట. ఒకాయన ఆయన మాటలు కాగితం మీద అచ్చేసి గోడకి అంటించుకున్నాడట. ఒకతను మాత్రం "ఇన్ని నెలలు మమ్మల్ని మోసం చేశారు" అని రాశాడు. అతనికి అందరికన్నా ముందు జవాబు రాశాను. అవునన్నాను. ఆ జవాబు కింద నా పేరు పెట్టాను. కార్డులు తెచ్చినాయనకి కూడా రాశాను. ఆయన దగ్గర్నుంచి ఇంకా ఏమీ రాలేదు. రాకపోయినా తప్పు పట్టను.

జూన్ గడువు సంగతి కూడా చూసేశాను. పేజీ పేరు మళ్లీ రాయించాను. కంపెనీవాళ్లు రాయడం మానేశారు. నేనే గెలిచాను.

మొదటి నాలుగు రోజులు మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. తరవాత తగ్గాయి. నిన్న రెండు. ఇవాళ ఒక్కటీ లేదు. షాపు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, అలవాటుగా కంప్యూటర్ దగ్గరికే వెళ్లాను. పెట్టె ఖాళీ. ఎవరికీ సార్‌తో పని లేదు. లేచి వంటింట్లోకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో గుర్తు రాలేదు. మళ్లీ గదిలోకి వచ్చాను. ఇల్లు ఇంత పెద్దదని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. ఆయన కుర్చీలోనే కూర్చుని ఇన్ని నెలలూ పనిచేశాను, అది ఖాళీ కుర్చీ అని అనిపించలేదు. ఇవాళ దాన్ని చూసి, మంచం మీద కూర్చున్నాను. కూర్చుని ఏడ్చాను. గట్టిగా, పక్కింటివాళ్లకి వినిపించేలా. సెప్టెంబర్‌లో అందరూ చుట్టూ ఉన్నప్పుడు నాకు ఒక్క చుక్క రాలేదు. నువ్వు చూశావు కదా. అప్పుడు అందరూ నన్ను ధైర్యంగల మనిషి అన్నారు. అది ధైర్యం కాదు, పొట్టీ. నేనింకా నమ్మలేదంతే.

ఆలస్యమైందని రాశావు. లెక్కకి ఏడు నెలలే. నాకు మాత్రం, ఆదివారం ఆ నాలుగు వాక్యాలు రాసినప్పుడు పోయాడు ఆయన. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

రా.

వదిన